సీసాల్లో దాచిన నేల

పొలానికి ఒక ఏడు ఎరువు వేయకపోతే పంట తగ్గుతుందని మీకు తెలుసు. పదేళ్లు వేయకపోతే? నూరేళ్లు వేయకపోతే ఏమవుతుంది? "నేల చవిటిపర్రలా మారిపోతుంది, గింజ కూడా పండదు" అంటారు మీలో చాలామంది.

ఊహించనవసరం లేదు. చేసి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండులో, లండన్‌కు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో హార్పెండెన్ అనే ఊరుంది. దాని పక్కనే రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం. అక్కడి బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి ఎరువు ముఖం చూడని గోధుమ మడి ఒకటుంది. ఆ మడిలో ఇప్పటికీ హెక్టారుకు ఇంచుమించు ఒక టన్ను గోధుమలు పండుతున్నాయి! ఎరువులూ, ఈనాటి మంచి వంగడాలూ ఉన్న పక్క మళ్లలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పండుతుందనుకోండి. అయినా ఆ ఒక్క టన్నుకు కావలసిన తిండి మొక్కలకు ఎక్కడినుంచి వస్తోంది? కొంత నేలలోని జీవపదార్థం కుళ్లడం వల్ల, కొంత వానలోనూ గాలిలోనూ వచ్చి పడే నత్రజని సమ్మేళనాల వల్ల.

ఈ పని మొదలుపెట్టినవాడు జాన్ బెన్నెట్ లాజ్ అనే భూస్వామి. ఖనిజ ఫాస్ఫేట్లను గంధకికామ్లంతో కలిపి సూపర్ ఫాస్ఫేట్ ఎరువు తయారుచేసే పద్ధతికి 1842లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తోడు తెచ్చుకున్నాడు. ఈ గిల్బర్ట్ జర్మనీలో సుప్రసిద్ధుడైన లీబిగ్ దగ్గర చదువుకున్నవాడు. మొక్కలకు ఖనిజ లవణాలు అందిస్తే చాలు, నత్రజని సంగతి గాలే చూసుకుంటుందని లీబిగ్ వాదం. గోధుమకు నత్రజని ఎరువు కావలసిందేనని బ్రాడ్‌బాక్ మళ్లు తేల్చాయి. గురువుగారికి కోపం రాకుండా ఉంటుందా? ఆ వాదప్రతివాదాలు ఏళ్ల తరబడి సాగాయి. లాజ్, గిల్బర్ట్ మాత్రం 57 ఏళ్లు కలిసి పనిచేశారు.

ఎరువుల వ్యాపారి చేసిన ప్రయోగాలను నమ్మవచ్చునా అని మీకు సందేహం కలిగితే అది మంచి సందేహమే. కానీ ఆయన పశువుల ఎరువుకు కూడా ఒక మడి కేటాయించాడు. హెక్టారుకు ఏటా 35 టన్నుల ఎరువు పడే ఆ మడి, రసాయనిక ఎరువుల మళ్లతో చాలాకాలం సమానంగా పండింది. పైగా ఆ మట్టిలోని కర్బనం ఏ ఎరువూ వేయని మడి కంటే రెండు రెట్లకు మించిపోయింది. వ్యాపారికి నచ్చే ఫలితం కాకపోయినా దాన్నీ లెక్కలోకి ఎక్కించారు. కలుపు బాధ పడలేక కొన్ని భాగాలను అప్పుడప్పుడు బీడు పెట్టవలసి వచ్చింది తప్ప, గోధుమ వేయడం మానలేదు.

నేలలో పడిన వాన ఎటు పోతుంది? అది తెలుసుకోవడానికి 1870లో ఓ చిత్రమైన ఏర్పాటు చేశారు. నేలను పెళ్లగించకుండా చుట్టూ తవ్వి, 20, 40, 60 అంగుళాల లోతు గల మూడు మట్టిదిమ్మెలను ఉన్నవి ఉన్నట్లే గోడల మధ్య బంధించారు. ఒక్కొక్కదాని వైశాల్యం ఎకరంలో వెయ్యో వంతు. అడుగునుంచి కారే నీటిని పట్టి కొలిచారు. ఆ దిమ్మెలపై పంట లేదు, వాటికి ఎరువూ వేయలేదు. అయినా ఆ నీటిలో నైట్రేట్ దిగుతూనే వచ్చింది, ఒకటి రెండేళ్లు కాదు, దశాబ్దాలపాటు! నేలలో పాతుకుపోయిన జీవపదార్థం మెల్లమెల్లగా కుళ్లి నైట్రేట్‌గా మారడమే కారణం. ఎరువు వాడకం ఇవాళ ఆపితే బావి నీళ్లు రేపటికల్లా శుభ్రపడతాయని అనుకోరాదని దీనివల్ల తెలిసింది. రెండు మూడేళ్లు చూసి ఆపేసి ఉంటే ఈ విషయం బయటపడేదే కాదు.

ఇక పచ్చికబయలు. 1856లో పార్క్ గ్రాస్ అనే ఏడెకరాల గడ్డినేలను మళ్లుగా విడగొట్టి ఒక్కొక్కదానికి ఒక్కో రకం ఎరువు వేయసాగారు. ఎండుగడ్డి ఎంత వస్తుందో చూడడమే అప్పటి ఉద్దేశం. కానీ కొద్ది ఏళ్లలోనే మళ్ల రూపురేఖలు మారిపోయాయి. ఏ ఎరువూ వేయని మడిలో సుమారు 40 జాతుల మొక్కలు పూలతో కలగలిసి పెరుగుతుంటే, ఏటా అమోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని మడిలో రెండు మూడు జాతులు మాత్రమే మిగిలాయి. అమోనియం నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేల పులిసిపోయింది. 1903 నుంచి చాలా మళ్లలో సగభాగానికి సున్నం వేస్తున్నారు. అందుచేత ఒకే మడిలో, ఒకే ఎరువుతో, గీత గీసినట్లు రెండు వేరు వేరు గడ్డినేలలు కనిపిస్తాయి.

వీటన్నిటికంటె నాకు ఆశ్చర్యం కలిగించేది అక్కడి సీసాల గది. 1843 నుంచీ కొంత మట్టిని, గింజలను, గడ్డిని ఎండబెట్టి, చీటీ అంటించి దాస్తూ వచ్చారు. ఇప్పుడు సుమారు మూడు లక్షల నమూనాలున్నాయి. ఎందుకు దాచారు? ఏం పరీక్షించాలో లాజ్‌కే తెలియదు. ఆయన 1900లో చనిపోయాడు. అణుబాంబు అనే మాట అప్పటికి లేదు. అయినా 1950లలో జరిపిన బాంబు పరీక్షల ప్లుటోనియం జాడను తరువాతివారు ఈ నమూనాల్లోనే పట్టుకున్నారు. బొగ్గు పొగతో వచ్చి నేలలో చేరిన విషపదార్థాలు ఎలా పెరిగాయో కూడా ఈ మట్టే చెప్పింది.

మరొక కథ. గోధుమ ఆకుల మీద మచ్చలు తెచ్చే శిలీంధ్రాలు రెండున్నాయి. 1970 ప్రాంతం వరకు వాటిలో ఒకటి పెరుగుతూ వచ్చి, ఆ తరువాత రెండోదానికి దారి ఇచ్చింది. కారణం వంగడాలా, వానలా? 2005లో శాస్త్రజ్ఞులు 1843 నుంచి దాచిన గోధుమ నమూనాల్లో ఆ శిలీంధ్రాల డి.ఎన్.ఎ.ను వెదికి, రెండింటి నిష్పత్తిని ఏడాదివారీగా లెక్కగట్టారు. అది గాలిలోకి పోయిన సల్ఫర్ డయాక్సైడ్ హెచ్చుతగ్గులతో దగ్గరగా సరిపోయింది! ఫ్యాక్టరీ పొగకూ పంట తెగులుకూ ఉన్న చుట్టరికం నూరేళ్ల నాటి గింజల్లో దొరికింది.

నమూనాలు పోగుపడినట్లే అంకెలూ పోగుపడ్డాయి. వాటి చిక్కు విప్పడానికి 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే యువకుణ్ణి నియమించారు. పంటలో తేడా ఎరువు వల్ల వచ్చిందా, వాన వల్లనా, లేక కేవలం యాదృచ్ఛికమా అని విడదీసే పద్ధతులు ఆయన అక్కడే రూపొందించాడు. నేటి సంఖ్యాశాస్త్రానికి అవి పునాదులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు తరువాత కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ శిష్యులే. 1948లో ఆయన పర్యవేక్షణలో డాక్టరేటు పొందారు.

ఇలాంటి ఓపిక మన దగ్గరా ఉంది. హైదరాబాదుకు సమీపంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ నల్లరేగడి నేలలో 1976లో ఒక ప్రయోగం ప్రారంభించింది. వానాకాలం బీడుపెట్టే పాత పద్ధతి ఒకవైపు, ఎత్తు మళ్లూ కాలువలూ తీసి ఆ వానకే పంటవేసే పద్ధతి మరొకవైపు. దశాబ్దాలపాటు పంటనే కాదు, వాగులోకి కొట్టుకుపోయే మట్టినీ నీటినీ కొలిచారు. కొత్త పద్ధతిలో పంట పెరిగింది, కోత తగ్గింది.

మళ్లీ రోథాంస్టెడ్‌కు వద్దాం. 1882లో లాజ్ ఒక తమాషా చేశాడు. బ్రాడ్‌బాక్ చివర అర ఎకరం గోధుమను కోయకుండా వదిలేశాడు. మనిషి సాయం లేకుండా గోధుమ బతుకుతుందా అని చూడడానికి. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడక్కడ గిడసబారిన నాలుగు మొక్కలు తప్ప గోధుమ మిగలలేదు. వేల ఏళ్లుగా మనం సాకిన మొక్క కలుపుతో పోటీ పడలేకపోయింది! ఆ చోట ఇప్పుడు పెద్ద పెద్ద చెట్లున్నాయి. గీస్‌క్రాఫ్ట్ అనే మరో పొలాన్ని కూడా 1880లలోనే అలా వదిలేశారు. అదీ అడవి అయింది. రెండింటిమీద పడేది ఒకే వాన, ఒకే గాలి. కానీ నూరేళ్ల తరువాత పాత సీసాలు తీసి పోల్చి చూస్తే, గీస్‌క్రాఫ్ట్ పై మట్టి పి.హెచ్. 7 దరిదాపుల నుంచి 4 దరిదాపులకు దిగిపోయింది. వానలోని ఆమ్లమూ, చెట్లు వడగట్టిన ఆమ్లమూ, నేలలో పుట్టినదీ కలిసి చేసిన పని అది. ఆ ఆమ్లానికి మట్టిలోని అల్యూమినియం కరిగి కదలడం మొదలుపెట్టింది.

బ్రాడ్‌బాక్ అడవి నేలకు మాత్రం ఏమీ కాలేదు. ఆ పొలానికి పూర్వం రైతులెవరో దండిగా సుద్దమట్టి తోలారు. వచ్చిన ఆమ్లాన్నంతా ఆ సుద్ద ఇంకా విరిచేస్తూనే ఉంది.