మగ్గం దిగండి... నాలుగడుగులు వేయండి

కూర్చుని చేసే పనివారికి నడకే మేలైన వ్యాయామం

భూదాన్‌పోచంపల్లి: 1951 ఏప్రిల్‌ 18న ఆచార్య వినోబా భావే ఈ ఊరికి కాలినడకన వచ్చారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు. వెదిరె రామచంద్రారెడ్డి ప్రకటించిన వంద ఎకరాల దానంతో ఇక్కడ అంకురించిన భూదానోద్యమం కోసం ఆ తరువాత పదమూడేళ్లపాటు ఆయన దేశమంతా నడిచారు. ఒక పాదయాత్రతో పేరే మారిన ఊరిది. ఇక్కత్‌ వస్త్రాలకు పేరుగాంచిన ఇదే ఊరిలో చేనేత కార్మికుల రోజు మాత్రం గుంట మగ్గం వద్ద కూర్చోవడంతోనే గడిచిపోతుంది. నడుము నొప్పి, మెడ నొప్పి, కళ్ల మంట ఈ వృత్తికి తోబుట్టువులయ్యాయి. వీటికి తోడు మధుమేహం, రక్తపోటు నేడు పల్లెల్లోనూ ఇంటింటి మాటలయ్యాయి.

అలసట వేరు... నడక వేరు

'పొద్దంతా ఒళ్లు వంచి పని చేశాం, మళ్లీ నడక దేనికి?' అన్నది చాలామంది ప్రశ్న. ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ అన్ని రకాల శ్రమా శరీరానికి ఒకే మేలు చేయదు. ఆసు పోసేటప్పుడు ఒక్కో చీరకు చేయి వేలసార్లు అటూఇటూ తిరుగుతుంది. కాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. చింతకింది మల్లేశం 1999లో రూపొందించిన ఆసు యంత్రం ఈ భుజాల బాధను తీర్చింది. కాళ్లకు కావలసిన కదలికను మాత్రం ఏ యంత్రమూ ఇవ్వలేదు. పూర్వం నూలు పడుగును వీధిలో సాచి గంజి పట్టించేటప్పుడు దాని వెంట ఎన్నోసార్లు అటూఇటూ తిరిగేవారు. అలా పనిలోనే కలిసి ఉన్న నడక క్రమంగా తగ్గిపోయింది.

లండన్‌ రెండంతస్తుల బస్సులపై జెర్రీ మోరిస్‌ బృందం జరిపిన అధ్యయనం 1953లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వెలువడింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. ఇద్దరిదీ ఒకే బస్సు. కదలికలోనే తేడా.

ఒంట్లో జరిగేదేమిటి?

నడిచేటప్పుడు తొడ, పిక్క కండరాలు రక్తంలోని చక్కెరను ఇంధనంగా వాడుకుంటాయి. అందుకే భోజనానంతరం 10, 15 నిమిషాల నడక మధుమేహులకు ఎంతో మేలు చేస్తుంది. పిక్కలు బిగిసి వదులవుతున్నప్పుడల్లా కాళ్లలోని రక్తం గుండె వైపు నెట్టబడుతుంది. ఎముకలు బలపడతాయి, నిద్ర బాగా పడుతుంది. పోగు మీదే నిలిచిన చూపు దూరాన ఉన్న చెట్లపైకి మళ్లితే కంటి కండరాలకూ విశ్రాంతి దొరుకుతుంది.

పదివేల అడుగులు తప్పనిసరా?

రోజుకు పదివేల అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరుతో ప్రచారమైంది. అది వైద్యులు పెట్టిన హద్దు కాదు. అమెరికాలో వృద్ధ మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. అందులో రోజుకు సుమారు 4,400 అడుగులు నడిచినవారిలోనే మరణాల ముప్పు తగ్గినట్లు తేలింది. వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే సరిపోతుంది. ఒకేసారి వీలుకాకుంటే మూడు విడతలుగా పది నిమిషాల చొప్పున నడవవచ్చు.

జాగ్రత్తలు అవసరం

పల్లెల్లో మహిళలు ఒంటరిగా నడకకు వెళ్లడానికి సంకోచిస్తారు. ఇరుగుపొరుగు నలుగురు కలిసి బయలుదేరితే ఆ బెరుకు తీరుతుంది, తోడూ దొరుకుతుంది. పాఠశాల మైదానం, చెరువు కట్ట ఇందుకు అనువైనవి. రోడ్డుపై నడవక తప్పకపోతే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున నడవాలి. చీకట్లో లేత రంగు దుస్తులు ధరించాలి. వేసవిలో ఎండ ముదరకముందే ముగించాలి. మధుమేహులు వట్టి కాళ్లతో నడవరాదు. పాదాల స్పర్శ తగ్గినవారికి గాయమైనా తెలియదు. ఇన్సులిన్‌ తీసుకునేవారు జేబులో కాస్త చక్కెర గానీ, మిఠాయి గానీ ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం అనిపిస్తే వెంటనే ఆగి వైద్యుణ్ని సంప్రదించాలి.

నడకకు పెట్టుబడి అక్కర్లేదు, రుసుమూ లేదు. గంటకోసారి మగ్గం దిగి వాకిలి దాకా వెళ్లిరావడంతోనైనా మొదలుపెట్టవచ్చు. చల్లని గాలి, పొరుగువారి పలకరింపు, పిట్టల అరుపు అదనపు లాభాలు. దర్జీలు, ఆటో డ్రైవర్లు, గుమస్తాలు, పుస్తకాలకు అతుక్కుపోయిన విద్యార్థులు... కూర్చుని పనిచేసే ఎవరికైనా ఇదే వర్తిస్తుంది. బతుకుదెరువు కోసం కూర్చోక తప్పదు. బతుకు కోసం రోజుకో అరగంట లేవడమూ తప్పదు.