కోట్‌పల్లి నీళ్లు, పట్నం దాహం: కూలి లెక్క ఎక్కడ?

అనంతగిరి గుట్టల మీద పడ్డ వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు జారింది మూసీలో కలిసి గండిపేటకు, అంటే పట్నానికి పోతుంది. పడమటికి జారింది కాగ్నాలో కలిసి తాండూరు మీదుగా కర్ణాటకలోని భీమాకు చేరుతుంది. కాగ్నాలో కలిసే వాగుల్లో ఒకటి కోట్‌పల్లి వాగు. దానికి అడ్డంగా 1967లో కట్టిన ప్రాజెక్టు కింద కాగితం మీద 9,200 ఎకరాల ఆయకట్టు ఉంది. ఇయ్యాల అక్కడికి వారాంతాల్లో పట్నం నుంచి కార్లల్ల వచ్చి పడవలు తిప్పుకుంటున్నారు. ఆ కట్ట కింది కాలువలో తూము నీళ్లు ఎవరి మడిదాకా పోతయి అనేది మాత్రం చూసేటోళ్లు తక్కువ.

సాగునీళ్లకూ నగరానికీ మధ్య పంపకం అనగానే మన మేధావులు రైతు ఒకవైపు, నగరం ఒకవైపు అని రెండు కుప్పలు పోస్తారు. ఈ రెంటి మధ్య మనం ఎక్కడ ఉన్నాం? ఈ వ్యాసం అడిగేది ఆ ఒక్క ప్రశ్ననే.

ముందు చరిత్ర చూద్దాం. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి మంచినీళ్లిచ్చాయి. నగరం పెరిగింది, అవి చాలలేదు. 1965లో మంజీరా బ్యారేజీ నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత అదే మంజీరా మీద దాదాపు 30 టీఎంసీల సింగూరు కట్టారు. సింగూరుకు దిగువన 1905 నాటి ఘనపురం ఆనకట్ట, 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉన్నాయి. ఎగువన నగరం గుంజుకున్నకొద్దీ దిగువన మెదక్, నిజామాబాద్ ఆయకట్టు ఎండింది. రైతులు రోడ్డెక్కారు. తర్వాత నగరం కృష్ణకు పోయింది: 2004, 2008, 2015లలో మూడు దశలు. 2015లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లూ వచ్చాయి. 2015-16 కరువులో సింగూరు, మంజీరా, జంట జలాశయాలు అన్నీ అడుగంటినప్పుడు నగరాన్ని బతికించింది ఆ రెండు నదులే.

ఇప్పుడు లెక్క. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వరికి నాలుగడుగుల నీళ్లు కావాలనుకుంటే ఒక టీఎంసీ సుమారు 5,700 ఎకరాలకు సరిపోతుంది. కృష్ణ మూడు దశలకు ఏటా కావలసింది దాదాపు 16.5 టీఎంసీలు. అంటే 95 వేల ఎకరాల వరి. నగరానికి నీళ్లు ఇయ్యొద్దని దీని అర్థం కాదు. జాతీయ జల విధానం 1987 నుంచే తాగునీటికి మొదటి స్థానం ఇచ్చింది, అది న్యాయమే. కానీ కాలువ బంద్ అయినప్పుడు ఆ ఎకరాల్లో నాటు, కలుపు, కోత కూడా బంద్ అవుతయి. రైతుకు నష్టపరిహారం అడిగే పార్టీలున్నాయి. నాటేసే ఆడోళ్ల కూలి దినాలు ఏ పద్దులో రాస్తున్నారు?

మా అమ్మ బడికి పోలేదు. నేను యూనివర్సిటీలో 'నీటి హక్కులు' మీద పరిశోధన చేస్తున్నానంటే ఆమె ఒక్క ముక్క అన్నది: "కాలువ ఎండితే పటేలుకు పంట పోతది కొడకా, మనకు పూట పోతది." నేను చదివిన పుస్తకాల్లో ఈ తేడా దొరకలేదు.

తేడా ఎక్కడ మొదలయింది? ఒకప్పుడు తెలంగాణ చెరువుల కింద తూము ఎత్తి దించినవాడు నీరటి. చాలా ఊళ్లలో అతను మాలో మాదిగో. ఏ మడికి ఎన్ని గంటల పారకమో అతనికే తెలుసు. నీళ్లు పంచే పని మనది, నీళ్లు పారే భూమి వేరేవాళ్లది. హిమాయత్‌సాగర్ నిండిన 1927లోనే మహద్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని అంబేడ్కర్ నీళ్ల ప్రశ్నను పౌరహక్కు ప్రశ్నగా నిలబెట్టాడు. తాగే హక్కు చట్టంలోకి వచ్చింది. పారించుకునే హక్కు ఇంకా భూమి పట్టాకే కట్టేసి ఉంది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల నీటి యాజమాన్య చట్టం తెచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి. ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు, రికార్డుకెక్కిన కౌలుదారులకు. నోటిమాట కౌలుకు రికార్డెక్కడిది? భూమి లేని కూలీకి ఆ సంఘంలో కూర్చునే చోటే లేదు. కొద్దో గొప్పో భూమి దొరికిన దళితుడిది కూడా తరచుగా కాలువ చివరి మడి. నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి మడే.

సరే, నగరంలో మనవాళ్లు లేరా? ఉన్నారు. కరువుకు ఊరొదిలి వచ్చి బస్తీలో ట్యాంకర్ ముందు బిందెల వరుసలో నిలబడింది ఆ కూలీల అక్కాచెల్లెళ్లే. మా ఊరి కాలువలో ఆగిన నీళ్లు వాళ్ల బిందెలోకి వస్తున్నాయంటే ఒప్పుకోవచ్చు. వాళ్ల కంటే ముందు ఆ నీళ్లు గేటెడ్ కాలనీల తోటలకు పోతున్నాయి. నగరం వాడి వదిలిన మురుగు మళ్లీ మూసీలోకే వస్తుంది. దిగువన ఆ నీళ్లతోనే వరి, పశువుల గడ్డి పండుతున్నాయి. ఆ మురుగులో మోకాళ్ల దాకా దిగి గడ్డి కోసేది కూడా పేద కూలీలే. మంచినీళ్లు పైకి, మురుగు కిందికి: ఈ దారి మనకు కొత్తది కాదు.

అందుకే పల్లె వర్సెస్ పట్నం అనే పోరాటం మనది కాదు. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. సాగునీరు నగరానికి మళ్లించే ప్రతి ఉత్తర్వులో పోయే కూలి దినాలు లెక్కగట్టి, పరిహారంలో కూలీకి వాటా ఇవ్వాలి. నీటి సంఘాల్లో భూమిలేని వాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఓటు ఉండాలి. నీళ్లు తగ్గిన ఏడు పంపకం చివరి మడి నుంచి మొదలుకావాలి. నగరంలో ముందు బస్తీ నల్లా, తర్వాతే తోట నల్లా. వాడిన నీళ్లు శుద్ధి కాకుండా మూసీలోకి వదలకూడదు.

ఇవి కోట్‌పల్లి కట్ట మీద నిలబడి అడగండి. ఊళ్లల్ల మీటింగు పెట్టే కార్యకర్తలు మొదట ఒక పని చేయాలి: చివరి మడి ఎవరిది, పోయిన ఏడు ఎన్నిసార్లు తడిసింది, ఎన్ని దినాల కూలి దొరికింది అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. ఈ లెక్క సర్కారు దగ్గర లేదు. మన దగ్గరన్నా ఉండాలె.