బోరు నీళ్లలో ఫ్లోరైడ్: తీసేదెట్లా?

బిందెలో నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు. రుచి బాగుంది. అయితే ఆ నీళ్లు మంచివేనా? చూస్తే తెలియదు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు అందదు.

ఫ్లోరైడ్ కొన్ని రాళ్లలో ఉంటుంది. భూమిలో నీళ్లు ఆ రాళ్ల మధ్య చాలాకాలం నిలిస్తే, అది నీళ్లలో కరుగుతుంది. నంద్యాల అయినా, ఆళ్లగడ్డ పల్లెలైనా ఒకటే మాట. ఒక బోరులో ఎక్కువుండి, పక్క బోరులో తక్కువుండొచ్చు.

ఏం కీడు?

పిల్లల పళ్లు గారపడతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి. నడుము వంగిపోతుంది. వంగిన నడుమును నిలబెట్టే మందు లేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఈ జబ్బును గుర్తించారు. నల్గొండ జిల్లా పల్లెలు దీనితో ఎంతో బాధపడ్డాయి.

కాచితే పోతుందా?

పోదు. కాచితే క్రిములు చస్తాయి. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు.

మరి ఏం చేయాలి?

మొదట నీళ్లు పరీక్ష చేయించాలి. పంచాయతీలో గానీ, గ్రామీణ నీటి సరఫరా శాఖలో గానీ అడగాలి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 1 లోపు ఉంటే ఇంకా మంచిది.

ఎక్కువుంటే రెండు దారులున్నాయి.

ఒకటి, వాన నీళ్లు. వీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మిద్దె శుభ్రంగా ఊడ్చాలి. మొదటి వాన నీళ్లు వదిలేయాలి. తర్వాత నీళ్లను మూత ఉన్న తొట్టిలో పట్టి, కాచి తాగాలి. వంటకూ అవే వాడాలి. బట్టలకు, అంట్లకు బోరు నీళ్లు చాలు.

రెండు, నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. కొళాయి ఉన్న బకెట్లో నీళ్లు పోయాలి. సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేయాలి. పది నిమిషాలు మెల్లగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. ఫ్లోరైడ్ మడ్డిలో చేరి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు కొళాయితో పట్టుకోవాలి. మడ్డిని బావికి, పిల్లలకు, గొడ్లకు దూరంగా గుంటలో పూడ్చాలి.

జాగ్రత్త! పటిక పిడికిటి లెక్కన వేయకూడదు. నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో దాన్నిబట్టి కొలత మారుతుంది. ఆ కొలతను పరీక్ష చేసినవాళ్లనే అడిగి రాసుకోవాలి.

పరీక్ష కాగితం చేతికొస్తే పక్కన పెట్టొద్దు. ఫ్లోరైడ్ అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఎదురుగా ఉన్న అంకె చదవండి. 1.5 దాటితే పది మంది ఆడవాళ్లు కలిసి పంచాయతీకి అర్జీ రాయండి. అడుగున వేలిముద్ర కాదు, మీ సంతకం పెట్టండి.