మద్యసారం లేని బీరులో మిగిలే సారమెంత?

సౌదీ అరేబియాకు కొత్తగా వచ్చిన తెలుగువారిని మొదటి నెలలోనే తికమక పెట్టే దృశ్యమొకటి ఉన్నది. రియాద్‌లో గాని, దమ్మామ్‌లో గాని, జుబైల్‌లో గాని ఏ పెద్ద అంగడిలో అడుగుపెట్టినా శీతల పానీయాల వరుసలో హోల్‌స్టెన్, బవేరియా, మూసీ, బార్బికాన్ అన్న పేర్లతో సీసాలు బారులు తీరి కనిపిస్తాయి. కొన్ని ఐరోపాలో పేరుమోసిన బీరు కంపెనీల పేర్లే. మద్యనిషేధం తెలుగువారికి వింత కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలిపోయింది. కాని సౌదీలో 1952లో విధించిన నిషేధం అలా సడలలేదు. 2024 జనవరిలో రియాద్ దౌత్య ప్రాంతంలో ముస్లిమేతర దౌత్యవేత్తల కొరకు ఒక దుకాణం తెరచినారన్న వార్త ప్రపంచమంతటా ప్రచురితమైనదంటేనే నిషేధం ఎంత గట్టిదో తెలుస్తుంది. అటువంటి దేశంలో పిల్లలు సైతం కొనుక్కొని తాగుతున్న ఈ సీసాలలో ఉన్నదేమిటి? అన్నీ ఒకటేనా? ధరలోని తేడాకు, రుచిలోని తేడాకు కారణమేమైనా ఉన్నదా?

హైదరాబాదు వారు మూసీ అన్న పేరు చూసి తమ నదిని తలచుకొని నవ్వుకోవడం కద్దు. నదికీ దీనికీ సంబంధమేమీ లేదు. అది స్విట్జర్లాండులోని ఫ్రిబూర్గ్ నగరపు బీరు కర్మాగారంలో పుట్టి, ఇప్పుడు కార్ల్స్‌బర్గ్ సంస్థ చేతిలో ఉన్న పానీయం. హోల్‌స్టెన్ జర్మనీకి చెందినది. హాలండుకు చెందిన బవేరియా 1978లోనే మద్యసారం లేని మాల్టు పానీయాన్ని తయారు చేసింది. బార్బికాన్‌ను 1980 ప్రాంతంలో ఇంగ్లండులోని బాస్ కంపెనీ ప్రవేశపెట్టగా, తరువాత అది సౌదీకి చెందిన అవుజాన్ సంస్థ ద్వారా గల్ఫ్ దేశాలన్నిటికీ పరిచయమైనది.

వీటి స్వరూపం అర్థం కావాలంటే ఇంటి వంటగదిలోని రాగి మాల్టును తలచుకుంటే చాలు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చిన తరువాత నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పొడి చేస్తారు. గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని చిన్న చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. మొలకల పిండితో కాచిన జావ పలచగా, కమ్మగా, రవ్వంత తియ్యగా ఉండటానికి కారణమిదే. బార్లీ మాల్టు కూడా ఇదే పద్ధతి. మొలకెత్తించిన బార్లీని వేడి నీటిలో నానబెట్టి తీసిన తీపి రసాన్ని వర్ట్ అంటారు. అందులోని ముఖ్యమైన చక్కెర మాల్టోజు. ఆ రసంలో హాప్స్ అనే తీగ పువ్వులను వేసి మరిగిస్తే చేదు దిగుతుంది. చల్లార్చి ఈస్టు చేరిస్తే చక్కెర మద్యసారంగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారి బీరు అవుతుంది.

మద్యసారం లేని పానీయం తయారీకి స్థూలంగా రెండు దారులున్నవి. తాటి చెట్టును ఎరిగిన వారికి వీటిని చెప్పడం తేలిక. వేకువన దింపిన నీరా తియ్యగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ పులిసి కల్లుగా మారుతుంది. మొదటి దారిలో కిణ్వనం అసలే జరగనివ్వరు, లేదా మొదలు కాగానే చల్లబరచి ఆపివేస్తారు. మాల్టోజును ముట్టని సాకరోమైకోడిస్ లుడ్విగీ వంటి ప్రత్యేకమైన ఈస్టును వాడే పద్ధతి కూడా ఈ కోవకే చెందుతుంది. ఇలా వచ్చినది బార్లీ నీరా అనవచ్చును. రెండవ దారిలో నిజమైన బీరునే కాచి, ఆ తరువాత అందులోని మద్యసారాన్ని తొలగిస్తారు. మద్యసారం 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. అంత వేడి చేస్తే బీరు ఉడికిన వాసన కొడుతుంది గనుక, గాలిపీడనాన్ని బాగా తగ్గించి 40, 50 డిగ్రీల వద్దనే ఆవిరిగా లాగివేస్తారు. లేకపోతే అతి సన్నని పొరల గుండా ఒత్తిడితో వడగడతారు. ఈ యంత్రాలకు ఖర్చెక్కువ. అందువలన రెండవ రకం సీసాకు నాలుగు హలాలాలు ఎక్కువ పెట్టడంలో కొంత న్యాయమున్నది.

రుచి విషయంలో రెండింటికీ దేని లోపం దానికున్నది. నీరా రకంలో పచ్చి మాల్టు వాసన, ఉడికిన బంగాళాదుంపను తలపించే వాసన వస్తాయి. మాల్టును వేయించినప్పుడు పుట్టే మిథైల్ బ్యూటనాల్, మెథియోనాల్ వంటి ఆల్డిహైడ్లు వీటికి మూలం. మామూలు బీరులో ఈస్టు వీటిని చాలావరకు వాసన తక్కువైన ఆల్కహాళ్లుగా మార్చివేస్తుంది. పైగా మిగిలిన వాటిని మద్యసారం ద్రవంలోనే పట్టి ఉంచుతుంది. అది లేనప్పుడు అవి స్వేచ్ఛగా ఎగసి ముక్కుకు తగులుతాయి. రెండవ రకంలో ఈ బాధ తక్కువ. కాని మద్యసారాన్ని లాగివేసేటప్పుడు దానితో పాటు అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ వంటి ఎస్టర్లు కూడా ఎగిరిపోతాయి. నాలుకపై నిండుతనం, గొంతులో వెచ్చదనం మద్యసారం వలన కలిగేవే. అవి పోయిన తరువాత మిగిలినది పలచగా, చేదు మాత్రమే పైకి తేలినట్లుగా తోస్తుంది. ఈ లోటును కప్పిపుచ్చడానికే ఆపిల్, స్ట్రాబెర్రీ, దానిమ్మ రుచులు వచ్చి చేరినవనిపిస్తుంది. పండ్ల రుచి కలిసిన తరువాత మాల్టు మంచిదో కాదో తేల్చడం అసాధ్యం. పోల్చదలచిన వారు సాదా రకాలనే పోల్చాలి.

ఈ లోటు భరించలేక కొందరు దొంగచాటు సరుకు వైపు చూస్తారు. ఇంట్లో పులియబెట్టడం, ‘సిద్దీఖీ’ అనే మారుపేరుతో రహస్యంగా చేతులు మారే బట్టీ సారా కొనడం సౌదీలో జైలుకూ, దేశబహిష్కారానికీ దారితీసే నేరాలు. నెలజీతం మీద ఊరిలో ఒక కుటుంబం, ఒక అప్పు ఆధారపడి ఉన్నవారికి ఇదే చాలినంత కారణం. రసాయన శాస్త్రం మరొక కారణం చెపుతుంది. ఈస్టు తయారు చేసేది ఇథైల్ ఆల్కహాలు. పరిశ్రమలలో వాడే మిథైల్ ఆల్కహాలును చూపుతో గాని, రుచితో గాని దాని నుండి వేరుపరచడం ఎవరి తరమూ కాదు. ఇది కాలేయంలో ఫార్మాల్డిహైడుగాను, పిమ్మట ఫార్మిక్ ఆమ్లంగాను మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. 2025 ఆగస్టులో పొరుగున ఉన్న కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది మరణించారు, కొందరు చూపు కోల్పోయారు. బాధితులందరూ ఆసియా దేశాల వారే. లక్షణాలు సగం రోజు, ఒక రోజు ఆలస్యంగా బయటపడవచ్చును. సకాలంలో చేరితే ఆసుపత్రిలో విరుగుడున్నది. పోలీసుల భయంతో గదిలోనే పడుకోబెట్టడం వలన ప్రాణం పోతుంది.

ఇక గిట్టుబాటు సంగతి. సీసా ధరను చూసి చౌక, ప్రియం అనుకోవడం సరికాదు. డబ్బా 250 మిల్లీలీటర్లుండవచ్చు, సీసా 330 ఉండవచ్చు. ముందు నూరు మిల్లీలీటర్లకు ధర కట్టుకోవాలి. ఆ పక్కనే నూరు మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో చూడాలి. ఈ రెండవ అంకె చాలా మర్మాలు బయటపెడుతుంది. బీరుగా కాచి మద్యసారం తీసిన దానిలో ఈస్టు చక్కెరను ముందే తినివేసి ఉంటుంది గనుక అంకె సాధారణంగా చిన్నదిగా ఉంటుంది. నీరా రకంలో మాల్టోజు అలాగే మిగిలి ఉంటుంది. పదార్థాల జాబితాలో నీటి తరువాత వెంటనే చక్కెర గాని, ఫ్రక్టోజు పాకం గాని కనిపిస్తే అది బీరు వేషం వేసిన తీపి సోడా అన్నమాట. జర్మను పేరున్నా దానికి ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

లెక్క వేసి చూద్దాం. నూరు మిల్లీలీటర్లకు 9 గ్రాముల చక్కెర ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అనగా 120 కిలోకాలరీలు. అదే పరిమాణం గల 5 శాతం మామూలు బీరులో మద్యసారం సుమారు 13 గ్రాములు, దాని వలన వచ్చేవి 91 కిలోకాలరీలు. మత్తు పోయినంత మాత్రాన కాలరీలు పోలేదు. రోజుకు 2000 కిలోకాలరీలు తీసుకునే వ్యక్తికి విడి చక్కెర 50 గ్రాములు మించరాదనీ, 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. శుక్రవారం ఇస్తిరాహాలో నలుగురు కలిసి బిర్యానీతో పాటు చెరి రెండు సీసాలు తాగితే ఆ హద్దు దాటినట్లే. మధుమేహం ఇంటింటి చుట్టమైపోయిన తెలుగు కుటుంబాలలో ఇది చిన్న విషయం కాదు. పైగా మాల్టోజు రెండు గ్లూకోజు అణువుల జంట. పేగులో క్షణాలలో విడిపోయి, పంచదార కంటె వేగంగా రక్తంలో చక్కెరను పెంచుతుంది. ‘బార్లీ చలవ చేస్తుంది, ఒంటికి మంచిది’ అని పెద్దవారికి ఈ సీసాలు అందించడం పొరపాటు. ఇంట్లో కాచే బార్లీ నీళ్లు వేరు, ఇవి వేరు.

సీసా మీది అరబ్బీ మాటలు నాలుగు తెలిస్తే పని సులువవుతుంది. షయీర్ అంటే బార్లీ. సుక్కర్ అంటే చక్కెర. ఇంతాజ్ అంటే తయారీ. బిదూన్ కుహూల్ అంటే మద్యసారం లేనిది. ఆల్కహాల్ అన్న మాటే అరబ్బీలోని అల్ కుహ్ల్ నుండి, అనగా కంటికి పెట్టుకునే సుర్మా నుండి పుట్టిందని భాషావేత్తలు చెపుతారు. సౌదీ అంగళ్లలోని సీసాలపై 0.0 అనే అంకె ఉంటుంది. జర్మనీలో ‘మద్యసారం లేనిది’ అన్న చీటీ కింద 0.5 శాతం వరకు ఉండవచ్చును. కనుక సెలవుల్లో ఐరోపా వెళ్లినవారు అక్కడి సీసాను ఇక్కడి దానితో సమానమని పెట్టెలో వేసుకొని రాకపోవడం క్షేమం.

తయారీ తేదీ చూడటం ఈ దేశపు ఎండల వలన మరీ అవసరం. ప్రతి 10 డిగ్రీలకు రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందన్నది స్థూల సూత్రం. ఆ లెక్కన 45 డిగ్రీల గోదాములో నిలువ ఉన్న సీసా 25 డిగ్రీల గదిలోని దానికంటె నాలుగు రెట్లు వేగంగా ముసలిదవుతుంది. అట్ట డబ్బా వాసన వంటిది వస్తే కారణమదే. హాప్స్ వేసిన పానీయానికి వెలుతురు కూడా శత్రువే. ఎండ తగిలితే చేదు పదార్థాలు విడిపోయి, గంధకంతో కూడిన ఒక దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా దీనిని బాగా అడ్డుకుంటుంది, ఆకుపచ్చ సీసా అంతగా అడ్డుకోలేదు, లోహపు డబ్బాలో వెలుతురు ప్రసక్తే లేదు. బక్కాలాలో గాజు తలుపు దగ్గర ఎండలో నిలిచిన సీసా కంటె వెనుక వరుసలోని డబ్బా మేలు.

రుచి పోల్చదలచిన వారు చీటీలు కనబడకుండా సాదా గ్లాసులలో పోసి, అన్నిటినీ ఒకే చల్లదనంలో ఉంచాలి. మరీ గడ్డకట్టినంత చల్లగా ఉంటే నాలుకకు తీపి తెలియదు. ఫ్రిజ్ నుండి తీసిన పావుగంట తరువాత తాగి చూస్తే ఏది నీరానో ఏది కాదో తేలుతుంది.