మందు చల్లిన వేళ ఆకుకు మేత వద్దు

దోమల మీద కొట్టే పొగ, చేల మీద కొట్టే మందు పురుగుల్ని తినే మొక్కలకూ చేరతాయి. కుండీలో మొక్కను మనం కాచుకోగలం. మరి కాలవలో మొక్కను?

సాయంత్రం ఆరున్నర. బెజవాడలో మా వీధి మలుపు దగ్గర ఫాగింగ్ మిషన్ మోత మొదలైంది. తెల్లటి పొగ రెండో అంతస్తు బాల్కనీ దాకా లేచింది. తెల్లారి చూస్తే కుండీ అంచున నాలుగు చీమలూ, ఒక ఈగా వెల్లకిలా పడున్నాయి. ఈగ కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. పట్టకారుతో తీసి, నోరు తెరుచుకుని ఉన్న వీనస్ ఫ్లైట్రాప్‌కు పెట్టబోయి ఆగిపోయాను. ఈగతో పాటు మందు కూడా తినిపిస్తున్నట్టే కదా!

పస్తుంటే చావదు

వీనస్ ఫ్లైట్రాప్ పుట్టిల్లు అమెరికాలోని నార్త్, సౌత్ కరోలినాల చిత్తడి నేలలు. అక్కడి మట్టిలో నత్రజని, భాస్వరం బాగా తక్కువ. పురుగును పట్టేది ఆ లోటు పూడ్చుకోవడానికే. మిగతా బలమంతా అన్ని మొక్కల్లాగే ఎండ నుంచే వస్తుంది. కాబట్టి వారాల తరబడి పురుగు దొరక్కపోయినా దానికి ప్రమాదం లేదు. అనుమానం ఉన్న పురుగును పెట్టడం కన్నా పస్తుంచడమే మేలు.

మెలాథియాన్ లాంటి మందులు పురుగు నరాలను దెబ్బతీస్తాయి. మొక్కకు నరాల్లేవు కాబట్టి వెంటనే పడిపోదు. కానీ పైన పడ్డదాన్ని కరిగించి పీల్చుకోవడమే ఈ ఆకుల పని. పైగా పొగమందులో కలిపే డీజిల్ తగిలితే లేత ఆకులు మాడిపోతాయి.

ఇలా చేయండి

• ఫాగింగ్ రోజున కుండీని లోపలికి తెచ్చి తలుపులు వేయండి. ఆ గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు.
• పొగ తగిలితే ఆకుల్ని వాన నీటితో మెల్లగా కడగండి.
• నేలరాలిన పురుగుల్ని ఏరి పెట్టొద్దు. అక్వేరియం షాపుల్లో దొరికే ఎండు బ్లడ్‌వార్మ్స్‌ను వాన నీటిలో నానబెట్టి, ఆకు నోట్లో మూడో వంతుకు మించకుండా పెట్టండి.
• ఆకులోని సన్నటి నూగును ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తాకితేనే నోరు మూసుకుంటుంది. మూసుకున్నాక పైనుంచి వేలితో సుతారంగా నొక్కుతూ ఉండండి. లోపల పురుగు కదులుతోందనుకుంటేనే అది జీర్ణరసాలు ఊరిస్తుంది.
• మాంసం, గుడ్డు పెట్టొద్దు. ఆకు కుళ్లిపోతుంది.

మన నీళ్లలోనూ ఉంది

పురుగుల్ని తినే మొక్కలు పరాయి దేశానివే కావు. డెల్టాలో చెరువులు, నీరు నిలిచిన పొలాల్లో యుట్రిక్యులేరియా పెరుగుతుంది. దీనికి వేర్లే ఉండవు. నీటి మీద పసుపు పువ్వు, కింద దారాల్లాంటి కొమ్మలు, వాటికి గసగసాలంత తిత్తులు. తిత్తి తనలోని నీటిని బయటికి తోడేసి బిగుసుకుని ఉంటుంది. నీటి ఈగో, దోమ పిల్లో వాకిలి దగ్గరి వెంట్రుకను తాకిందా, తలుపు తెరుచుకుని సెకనులో వెయ్యో వంతులోపే నీటితో సహా లోపలికి గుంజేస్తుంది. 1875లో అచ్చయిన డార్విన్ పుస్తకంలోనూ ఈ మొక్క కథ ఉంది.

మనం మందు కొట్టేది దోమల మీదే. ఆ దోమ పిల్లల్ని తినే మొక్క నీళ్లలోకే ఆ మందు చేరుతోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలవల నీళ్లే పొలాల్లోకి పారతాయి. పొలంలో కొట్టిన మందూ మురుగు కాలవల్లోకి దిగుతుంది. వరిలో అవసరం లేని మందు సాలీళ్లను, ఇతర మిత్రపురుగుల్ని చంపి సుడిదోమ అనే వరి పురుగుకే దారి తెరుస్తుందని రైతులకు తెలిసిన సంగతే. గాలి లేని వేళ, పురుగు ఉధృతిని చూసి, కావలసినంతే కొట్టాలి. పంపును కాలవలో కడగొద్దు. ఖాళీ డబ్బాలు గట్టున పారేయొద్దు.

ఆ పొద్దున ఈగను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. నీళ్లలోని మొక్కకు అలా ఏరి పారేసే చెయ్యి లేదు. గట్టు మీద నిలబడి పంపు కడిగే చెయ్యే ఉంది. కాలవకు నాలుగడుగుల ఇవతలే ఆ చెయ్యి ఆగితే, ఆ పసుపు పువ్వు వచ్చే ఏడూ పూస్తుంది.