మూతి అరగకుండా: రైఫిల్ శుభ్రం చేసే పనిముట్ల కథ

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక ఈ ఆట మీద మన పిల్లల్లో ఆసక్తి పెరిగింది. ఆ పోటీ లక్ష్యఫలకంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. అంత సూక్ష్మమైన గురికి తుపాకీ గొట్టం శుభ్రంగా ఉండాలి, నిజమే. కానీ తగని పనిముట్టుతో శుభ్రం చేస్తే మురికి కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆ పనిముట్ల చరిత్రే ఇందుకు సాక్ష్యం.

త్రీ నాట్ త్రీ అని మనం పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మడమలో చిన్న అర ఉండేది. అందులో నూనె సీసా, పుల్‌త్రూ దాచేవారు. పుల్‌త్రూ అంటే ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డముక్క పెట్టే ఉచ్చు ఉన్న తాడు. బరువును వెనక నుంచి గొట్టంలోకి జారవిడిచి, మూతి నుంచి లాగాలి. అప్పటి తూటాల క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టించేది. అందుకే వేడినీళ్లతో కడగడం తప్పనిసరిగా ఉండేది. అయితే తాడును వాలుగా లాగితే, నూతి గట్టు రాతిని చేంతాడు కోసినట్టు, ఇసుక రేణువులు అంటిన ఆ మెత్తని తాడే ఉక్కు మూతిని అరగదీసేది. మూతి ఒక పక్క అరిగితే తూటా వెనకున్న వాయువు ముందు ఆ పక్క నుంచే తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. గురి చెడుతుంది.

శుభ్రం చేయకపోతేనే అసలు ప్రమాదం కదా, వియత్నాంలో ఎం-16 రైఫిళ్లు మొరాయించలేదా అని అడగవచ్చు. మొరాయించాయి. అయితే అక్కడ మందుగుండు మారింది, తూటా కూర్చునే ఛాంబర్‌కు క్రోమియం పూత లేదు, శుభ్రం చేసే సామగ్రి సైనికులకు సరిగా అందలేదు. కాబట్టి ఆ ఉదంతం చెప్పేది గట్టిగా తోమమని కాదు. ఏ మురికికి ఏ పనిముట్టో ముందే తేల్చుకోమని.

ఎయిర్ రైఫిల్‌లో మందుగుండే ఉండదు. మిగిలేది పలచని సీసం పొర, దుమ్ము. వాటికి మెత్తని ఫెల్ట్ పెల్లెట్లు చాలు. ఇత్తడి బ్రష్ అనవసరం. ఘాటైన ద్రావణాలు సీళ్లను పాడుచేస్తాయి. పాయింట్ 22 రైఫిల్‌లో మసి, సీసం, మైనం చేరతాయి. దానికి పూత ఉన్న ఒంటి ముక్క రాడ్ మంచిది. అతుకుల రాడ్ వంగి, కీళ్ల దగ్గర గొట్టం లోపలి గాడులను గీరుతుంది. వీలైనచోట రాడ్‌ను ఛాంబర్ వైపు నుంచి, గైడ్ పెట్టి తోయాలి. ఇత్తడి రాడ్ ఉక్కు కంటే మెత్తన కదా, భయమెందుకు అంటే, అరగదీసేది ఇత్తడి కాదు, దానికి అంటుకున్న రేణువులు. అందుకే తోసిన ప్రతిసారీ రాడ్‌ను తుడవాలి. రాగి తొడుగు తూటాలు వాడే పెద్ద రైఫిళ్లలో ఇంకో చిక్కుంది. రాగిని కరిగించే ద్రావణం రాడ్ చివరనున్న ఇత్తడి కొసను కూడా తింటుంది. అందువల్ల గొట్టం శుభ్రంగా ఉన్నా, ఇంకా రాగి ఉన్నట్టు గుడ్డముక్క నీలంగానే వస్తుంది. అక్కడ నైలాన్ కొస వాడితే ఆ రంగు నిజం చెబుతుంది.

ఇన్ని పనిముట్లు కొనాలా అంటే, అక్కర్లేదు. మురికిని తీయగలిగినవాటిలో అన్నిటికంటే మెత్తనిది ఎంచుకోవడమే సూత్రం. గురి నేర్పే శిక్షకులు దీన్ని కూడా తొలి పాఠాల్లోనే నేర్పాలి.