ఓటీపీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది!

2025 మే 1న మన ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు పేరు పోయి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు పేరు వచ్చింది. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. 2006లోనూ ఇంతే. శ్రీకాకుళం కేంద్రంగా నడిచిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు అప్పుడు వికాస్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారిన ప్రతిసారీ ఇచ్ఛాపురం నుంచి గజపతినగరం దాకా ఒకటే గుబులు: మన డబ్బు ఉంటుందా? ఉంటుంది. గుబులు పడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

అపోహ: చిన్న బ్యాంకు మునిగితే మన డబ్బూ గోవిందా.

గ్రామీణ బ్యాంకులో సగం వాటా కేంద్రానిది, 35 శాతం స్పాన్సర్ బ్యాంకుది (మనకు యూనియన్ బ్యాంకు), 15 శాతం రాష్ట్రానిది. పైగా డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల దాకా. ఒకే బ్యాంకు రెండు శాఖల్లో వేసుకున్నా లెక్క ఒక్కటే. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకూ ఈ బీమా ఉంది. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి మాత్రం లేదు. దాన్నీ మనం ‘సొసైటీ బ్యాంకు’ అనేస్తాం, చిక్కంతా అక్కడే. ఇంకోమాట: మోసగాడు ఆన్‌లైన్లో కొట్టేసిన డబ్బుకు ఈ బీమా వర్తించదు.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే ఎవడూ ఏమీ చేయలేడు.

ఇదే అన్నిటికన్నా ప్రమాదం. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేసి పంపిన డబ్బు అమ్మ చేతికి ఎలా అందుతోంది? బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే. అక్కడ ఓటీపీ లేదు, పిన్ లేదు. వేలిముద్రే తాళంచెవి. ఆ తాళంచెవికి నకలు చేయొచ్చని 2018లో పెద్దపల్లి జిల్లాలో తేలింది. సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారు చేశాడు. వాడికి కావలసింది సిమ్ కార్డులే. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కిన ముఠా అదే కిటుకుతో నేరుగా ఖాతాల్లోంచి డబ్బు లాగింది. ఆ దస్తావేజులు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ సైట్లోవి.

నకలు అక్కర్లేని మోసం ఇంకా తేలిక. “పడలేదు మామ్మా, మళ్లీ పెట్టు” అంటారు. మామ్మ మళ్లీ పెడుతుంది. మొదటిసారే పడిందో లేదో ఆమెకేం తెలుసు? వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. పాస్‌బుక్కు నెలకోసారైనా ప్రింటు వేయించాలి. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. కానీ తాళం తీసేదాకా రేషన్ డిపోలోనూ వేలిముద్ర పనిచేయదు, అది తెలిసే వేయండి.

అపోహ: మోసగాడు హిందీలో మాట్లాడతాడు, ఇట్టే పట్టేయొచ్చు.

2024 మేలో బయటపడింది వింటే ఈ ధీమా పోతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లకు లక్షలు కట్టి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను అక్కడ బంధించి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించారు. విశాఖ పోలీసులు కేసు పెట్టాక అక్కడ చిక్కుకున్నవాళ్లు తిరగబడ్డారు, వాళ్లలో కొందరు ఇళ్లకు చేరారు. అంటే మీకు ఫోన్ చేసినవాడి యాస మీ యాసే కావచ్చు. మీ బ్యాంకు విలీనం సంగతీ వాడికి తెలిసే ఉంటుంది. విలీనమైంది కాబట్టి కేవైసీ చేయాలని లింకు పంపితే తెరవకండి, శాఖకే వెళ్లండి. బ్యాంకుల అసలు సైట్లు ఇప్పుడు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తాయి.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ గురించి ఒక్క వాక్యం చాలు: అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు.

అపోహ: పోయిన డబ్బు పోయినట్టే, చెప్పుకుంటే పరువు తక్కువ.

పరువు సంగతి పక్కన పెడితే, గడియారం నడుస్తుంటుంది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు చూడండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోయిందనుకుందాం. బ్యాంకు మెసేజీ అందాక మూడు పనిదినాల్లో చెబితే మీ మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే ఒక్కో లావాదేవీకి మీ భారం మామూలు పొదుపు ఖాతాకు 10,000, జీరో బ్యాలెన్స్ ఖాతాకు 5,000 రూపాయలు మించదు. నోరు జారి ఓటీపీ మీరే చెప్పినా సరే, ఫిర్యాదు చేశాక పోయిన సొమ్ముకు బ్యాంకుదే బాధ్యత. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిందీ బ్యాంకే. ఈ మాట కౌంటరు దగ్గర ఎవరూ మీకు చెప్పరు.

శనివారం సాయంత్రం పోయిందని సోమవారం దాకా ఆగకండి. డబ్బు గంటల్లోనే ఖాతా నుంచి ఖాతాకు దూకేస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే దారిలో ఉన్నదాన్ని అది చేరిన బ్యాంకు ఆపగలుగుతుంది. బ్యాంకు 30 రోజులైనా తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, నంబరు 14448.

ఈ నంబర్లు అమ్మ ఫోన్లో సేవ్ చేసి ఊరుకోకండి, కంగారులో ఆమెకవి దొరకవు. పాస్‌బుక్కు అట్ట మీద పెద్ద అంకెల్లో 1930 అని రాసివ్వండి.